గడిలో పదకొండు పేర్లు

ఈ ఏడాది ఇన్సూరెన్స్ ఫారంలో ఆ గడిని పెద్దది చేశారు. ఇదివరకు మూడు గీతలుండేవి, ఇప్పుడు ఆరున్నాయి. "మందు ఖర్చులో మీ వాటా కట్టడానికి మరెవరైనా సాయం చేశారా? చేస్తే వారి పేర్లు రాయండి" అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఉంటుంది. కొత్త ఫారాల కట్ట విప్పగానే నా కళ్ళు ముందు ఆ గడి మీదికే పోయాయి. అతనుంటే చూసి సంతోషించేవాడు. మూడు గీతల్లో పదకొండు పేర్లు పట్టక అప్పట్లో నా చేత అంచుల్లో కూడా రాయించాడు. ఇప్పుడు గీతలకు కొదవ లేదు గాని అతను లేడు.

నేను దోహాలో, మెసైమీర్ అనే పేటలో, ఒక ప్రైవేటు క్లినిక్‌లో, దాని మందుల షాపులో ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చుంటాను. డాక్టరు రాసిన మందుకి పాలసీ ఎంత ఇస్తుంది, మనిషి ఎంత కట్టాలి అని చూసి చెప్పడం, ఫారం నింపి సంతకం పెట్టించడం నా పని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే. నాకు ఓపిక తక్కువ. ఆడమనిషికి అంత విసురు పనికిరాదని తెనాలిలో మా అమ్మ మొత్తుకునేది. ఈ ఉద్యోగానికి అదే అర్హత అని ఇక్కడ మా ఆయన అంటారు.

అతను సెంట్రింగ్ ఫోర్‌మన్. ఊరు జగిత్యాల దగ్గర. అల్ రయ్యాన్ వైపు కొత్త స్టేడియం లేస్తుంటే, దాని చుట్టూ వంతెనలు కట్టే కంపెనీలో పని. కూలీలకు లేని ఇన్సూరెన్స్ ఆ కంపెనీ ఫోర్‌మన్లకు ఇచ్చింది. నెలకొక శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు. వచ్చీ రాగానే కౌంటర్ చెక్కని వేలి కణుపులతో రెండు చోట్ల కొట్టి చూసేవాడు, సైటులో పలక గట్టిదో కాదో చూసినట్టు. కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. మందు డబ్బా చేతికివ్వగానే అక్కడే విప్పి, ఒక మాత్ర నోట్లో వేసుకుని, సీసాలో నీళ్ళు సగం దాకా తాగేవాడు. ఇంటికెళ్ళి అన్నం తిని వేసుకోవచ్చు కదా అంటే, "నీ చేతుల మీదికెళ్ళి తీసుకున్న. నీ ముంగట్నే మింగాలె చెల్లె" అనేవాడు.

అతనికి రక్తంలో తెల్లకణాలు అదుపు తప్పే రోగం. రక్త క్యాన్సర్లలో అదొక రకం. పేరు వింటే గుండె జారుతుంది గాని, రోజూ ఒక మాత్ర వేసుకుంటే మనిషి పని చేసుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుతాడు. రోజూ తప్పకుండా వేసుకోవాలి, అంతే. ఆ సంగతి డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను, అతను మాకే తిప్పి చెప్పేవాడు.

అతని ఒంటి మీద ఉన్న ప్రతిదానికీ ఒక దాత ఉండేవాడు. మనం అడక్కుండానే చెప్పేవాడు. బూట్లు క్యాంపులో వంట చేసే నేపాలీ ఇచ్చాడు. చేతి గడియారం స్టోర్ చూసే మలయాళీది. బెల్టు ఇంటికి వెళ్ళిపోతూ ఒక సిరిసిల్ల మనిషి విప్పి ఇచ్చి పోయాడు. ఒకరోజు అతని వెనక వరుస పెద్దదిగా ఉంది, అతను తలమీది టోపీ ఎవరిదో చెప్పబోతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మీది అంటూ ఏమైనా ఉందా అన్నా?" అన్నాను.

"ఉన్నది చెల్లె. గీ బీమారొక్కటి. ఇది మాత్రం ఎవ్వలియ్యలే," అన్నాడు. తను వేసిన జోకుకి తనే ముందు నవ్వాడు. నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

ఈ పేర్ల పిచ్చి ఎక్కడిదో తర్వాత తెలిసింది. వాళ్ళ ఊళ్ళో పెళ్ళిళ్ళకి చదివింపులు చదివేది అతనే. చిన్నప్పటి నుంచీ గొంతు పెద్దదట. మైకు చెడిపోయినా పెళ్ళి ఆగేది కాదట. ఎవరు ఏమిచ్చారో పందిట్లో నలుగురికీ వినిపించేలా చెప్పాలి, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు వీళ్ళు మళ్ళీ పెట్టాలి. మా వైపూ ఉంది ఆ ఆనవాయితీ. మా వైపు డబ్బు ఎంతో వినడానికి చెవులు రిక్కిస్తారని చెప్పాను.

"గట్ల గాదు చెల్లె. పేరు ముంగట, పైసలెన్క. పది రూపాలిచ్చినోని పేరు మెల్లగ సదివితిమనుకో, వాడు మల్ల ఆ ఇంటి కడప తొక్కడు. ఇచ్చినోని పేరు మింగుడంటే వాని బువ్వ గుంజుకున్నట్టే."

అని ఊరుకోలేదు. కౌంటర్ ముందు నిలబడి, చెవి మీద ఒక చెయ్యి పెట్టుకుని, "కోరుట్ల నుంచి అచ్చిన మా రూమ్మేటు, మంచి మనసుతోని" అని ఎత్తుకున్నాడు. క్లినిక్ అంతా మారుమోగింది. ఫిలిప్పీన్స్ నర్సు పరుగెత్తుకొచ్చింది. పక్కనే ఉన్న ఆ రూమ్మేటు, కంపెనీ బస్సు నడిపేవాడు, సిగ్గుతో తల బద్దలు కొట్టుకున్నంత పని చేశాడు.

ఇప్పుడు రూలు సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వాళ్ళ పాలసీలో ప్రతి డబ్బా మీద ఐదో వంతు మనిషి కట్టాలి. అలా కట్టింది ఏడాదిలో ఇంత అని పెట్టిన ఒక గీత దాటితే, అక్కడి నుంచి ఏడాది చివరిదాకా ఖర్చంతా ఇన్సూరెన్స్ వాళ్ళదే. ఆ ఐదో వంతు కూడా ఫోర్‌మన్ జీతంలో సగం తినేసేది. అందుకని మందు తయారుచేసే కంపెనీ ఒక సాయం కార్డు ఇచ్చేది. నాలుగు నెలలపాటు మనిషి వాటా ఆ కార్డే కడుతుంది. మొదటి ఏడాది కార్డు కట్టింది కూడా అతను కట్టినట్టే లెక్కలోకి వచ్చింది. నాలుగు నెలలకు గీత దాటాం. మిగతా ఎనిమిది నెలలు అతను జేబులో చెయ్యి పెట్టాల్సిన పని పడలేదు.

రెండో ఏడాది పాలసీ కొత్తది రాసుకున్నప్పుడు ఆ గడి పుట్టింది. మనిషి సొంతంగా కట్టిందే లెక్క. ఇంకెవరు కట్టినా, కార్డయినా మనుషులైనా, గీత దగ్గరికి ఒక్క అంగుళం కూడా జరగదు. నాలుగు నెలలు కార్డు కట్టింది, అయిపోయింది. నా కంప్యూటర్లో అతని పేరు ఎదురుగా సున్నా అలాగే ఉంది. ఆ మాట చెప్పినప్పుడు అతను చాలాసేపు తెర వంక చూశాడు.

"కట్టింది కట్టినట్టు కాదా?" అన్నాడు.

"మీరు కట్టలేదు కదా అన్నా."

"నాకోసం కట్టిండ్రు గదా."

రూలు నేను రాయలేదన్నాను. కౌంటర్లో కూర్చున్నవాళ్ళం అందరం అనే మాటే అది.

ఐదో నెల డబ్బుతో వచ్చాడు. క్యాంపులో పదకొండు మంది ఓవర్‌టైం డబ్బులు కలిపి ఇచ్చారు. నేను సంతోషించాను. ఇలా నాలుగు నెలలు నెట్టుకొస్తే గీత దాటిపోతాం, తర్వాత మందు దానంతటదే వస్తుంది. గడిలో "లేదు" అని రాసి, సంతకం పెట్టమని ఫారం అతని వైపు తిప్పాను. అందరికీ నేను రాసేది అదే. ఆ కౌంటర్ దగ్గర నిజంగా సొంత డబ్బు కట్టేవాడు ఎవడున్నాడు? అతనికి ఇంగ్లీషు రాదు. కాని పదకొండు పేర్లు పట్టాల్సిన చోట ఒక్క ముక్కే ఉండటం కంటపడింది.

"గీ డబ్బాల ఏం రాసినవ్ చెల్లె?"

చెప్పాను. ఎందుకలా రాశానో కూడా విడమరిచి చెప్పాను. ఈ డబ్బు మీదేనని రాస్తే లెక్కలోకి వస్తుంది, వాళ్ళ పేర్లు రాస్తే గంగలో కలిసినట్టే. నాలుగు నెలలు ఈ ఒక్క ముక్క రాస్తే చాలు.

"అంటే నేనే కట్టిన అని చెప్పాల్నా?"

"అందరూ అలాగే చెప్తున్నారు."

"పదకొండు మంది ఎండల నిలవడి సంపాయించిన ఫులూస్ నావి అని సంతకం పెట్టి, ఇయ్యాల రాత్రి గా పదకొండు మంది నడుమ కూసోని బువ్వెట్ల తినాలె? పేర్లు రాయి చెల్లె. రాయమని వాళ్ళే అడుగుతున్నరు గదా గీ కాయితంల."

అక్కడే ఉంది అతని పొరపాటు. ఆ గడిలో అడిగింది చదివింపుల కోసమని అనుకున్నాడు. ఇచ్చినవాళ్ళని గౌరవించడానికి తప్ప పేర్లు ఇంకెందుకు అడుగుతారో అతని ఊహకి అందలేదు. నేను ఇంకోసారి చెప్పాను. వినలేదు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు, ఒకడు త్వరగా కానిమ్మని యల్లా యల్లా అంటున్నాడు. నా ఓపిక అయిపోయింది. ఇంకో ఫారం తీసి, "సరే చెప్పండి, మీ ఖర్మ" అన్నాను. ఒక్కొక్క పేరూ, ఊరుతో సహా చెప్పాడు. నేను ఒత్తి ఒత్తి రాశాను. ఒక నేపాలీ పేరుకి అక్షరాలు కూడా అడిగి మరీ రాశాను. గీతలు చాలక అంచులో రాస్తున్నప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది. ఒక్క నెల పోతే బుద్ధొస్తుంది అనుకున్నాను. కచ్చితంగా అదే అనుకున్నాను, ఇప్పుడు మరోలా చెప్పుకోను.

ఆరో నెల ఏడు పేర్లు. సైటు పని తగ్గి కొందరిని దూరంగా మదీనత్ అల్ షమాల్ క్యాంపుకి మార్చారు. ఈసారి నేను బతిమాలలేదు. అతనిది పంతమైతే నాదీ పంతమే. పేర్లు రాశాను, సున్నా సున్నాలాగే ఉంది.

ఏడో నెల అతను రాలేదు. నలభై రోజులు దాటాక వచ్చాడు. డబ్బాలో ముప్ఫై మాత్రలుంటాయి. నాలుగు పేర్లు చెప్పాడు, రాశాను. ఆ తర్వాత యాభై రోజులకు వచ్చాడు, ఈసారి రెండే పేర్లు. కౌంటర్ మీద కణుపులతో కొట్టలేదు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలా వేసుకుంటున్నారు మాత్ర?" అని అడిగాను.

"రోజిడిచి రోజు. మా దిక్కు కాలువ నీళ్ళు వంతులకు ఇడుత్తరు చెల్లె. వంతులోనే పంట పండుతది."

అతన్ని తిట్టాను. ఆ రోగం పొలం కాదు, ఖాళీ దొరికితే మందుకే లొంగని రకం లోపల పెరుగుతుంది అని గట్టిగా అరిచాను. అతను తలవంచుకుని విన్నాడు. అది చూశాక నాకు భయం వేసింది.

ఆ రోజు ఇంటికి పోకుండా కూర్చుని ఇన్సూరెన్స్ వాళ్ళకి ఉత్తరం రాశాను. మనిషికి ఇంగ్లీషు రాదు, గడి అర్థం కాక తప్పుగా నింపించాడు, నింపింది నేనే అని రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. ఆ డబ్బులన్నీ తన సొంతమేనని ప్రతి నెలకీ కొత్త ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే పరిశీలిస్తామన్నారు. ఆ సంగతి కబురు చేస్తే మరుసటి రోజే డ్యూటీ బట్టల్లో వచ్చాడు, ఆ డ్రైవరు రూమ్మేటుతో.

పేర్లు తీసెయ్యాలన్నా అని నెమ్మదిగా చెప్పాను. పోట్లాటకి సిద్ధపడే ఉన్నాను. అతను పెన్ను తీసుకున్నాడు.

"వాళ్ళనడిగారా?" అన్నాను.

"అడిగిన. తిట్టిండ్రు. మా పేర్లు రాయమని నీకెవడు చెప్పిండు, మేం పేరు కోసం ఇచ్చినమా, నీ పానం కోసం ఇచ్చినమా అన్నరు."

ఒక్కో సంతకానికీ చాలాసేపు పట్టింది. పెట్టిన ప్రతిసారీ పెన్ను పక్కన పెట్టి, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ తీసుకున్నాడు. రూమ్మేటు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. గీత దాటినట్టు నా తెర మీద కనిపించింది. అతని పేరు మీద ఒక డబ్బా పూర్తి ఖర్చుతో మంజూరై, స్టిక్కరు అంటించుకుని వచ్చింది. నేను దాన్ని ముందు అరలో పెట్టుకున్నాను. ఆ వారంలోనే రక్తపరీక్ష కాగితం కూడా వచ్చింది. కణాలు లెక్కకు మించి పెరిగిపోయాయి. ఆ మందు ఇక అతనికి పనిచెయ్యదని డాక్టరు తేల్చాడు. వేరే మందు ఉంది గాని అది వాళ్ళ పాలసీలో లేదు. పని చెయ్యలేని ఫోర్‌మన్‌కి కంపెనీ టిక్కెట్టు కొని పెట్టింది.

విమానం ఎక్కే ముందు రోజు మధ్యాహ్నం ఒక్కడే వచ్చాడు. చిక్కి సగమయ్యాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఆ చొక్కా ఎవరిచ్చారో చెప్పలేదు. డబ్బా చూపించి, ఇది మీదే, ఏం చెయ్యమంటారు అన్నాను. చేతిలోకి తీసుకుని స్టిక్కరు మీది తన పేరును బొటనవేలితో తడిమాడు. తర్వాత కౌంటర్ మీద నా వైపుకి జరిపాడు.

"గా బెంచీ మీద కూసునే బంగ్లాదేశాయన లేడా, టైల్స్ పనాయన. ఆయనది గిదే మందు గదా. ఆయన కార్డు గూడ అయిపోయిందట. గిది ఆయనకియ్యి చెల్లె."

"మీ పేరు మీద వచ్చిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదన్నా."

"నువ్వియ్యి. గని నా పేరు యాడ రాయకు. ఆయనకు గూడ చెప్పకు. పేరున్నదంటే ఆయనకు లెక్కల రాదు."

సరే అన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకోబోతే వెనక్కి లాక్కున్నాను. మెల్లగా నడిచి, గాజు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియనట్టు ఒక క్షణం ఆగి, వెళ్ళాడు.

నేను ఇవ్వలేదు. ఒకరి మందు ఇంకొకరి చేతిలో పెడితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే వీసా పోతుంది, మా ఇద్దరు పిల్లలు ఇక్కడే చదువుతున్నారు. ఈ కారణాలన్నీ నిజమే. నాలుగు రోజులు డబ్బాని అరలో ఉంచి, ఐదో రోజు "తీసుకోలేదు" అని రాసి వెనక్కి పంపేశాను. బంగ్లాదేశ్ మనిషి ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. మందు ధర అడిగి, బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. తర్వాత రాలేదు. ఏమయ్యాడో నేను కనుక్కోలేదు.

కొన్ని నెలలు పోయాయి. దోహాలో దీపస్తంభాలకి ప్రపంచకప్పు జెండాలు కట్టడం మొదలుపెట్టారు. ఒక ఉదయం ఆ డ్రైవరు రూమ్మేటు కౌంటర్ దగ్గరికొచ్చాడు. చేతిలో ఫోను, అప్పటికే కలిపి ఉంది.

"అన్న మాట్లాడుతడట మేడం. ఆఖరి దశల ఉన్నడు. నాలుగు దినాల సంది నిన్నే అడుగుతున్నడు. ఒక్క మాట మాట్లాడు."

ఫోను చెవిన పెట్టుకున్నాను. ముందు ఊపిరి వినిపించింది. క్లినిక్ గోడలు అదరగొట్టిన ఆ గొంతు కోసం నేను చెవి అదిమిపట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

"చెల్లె. బంగ్లాదేశాయన మంచిగున్నడా?"

"బాగున్నాడన్నా."

"పనికి పోతున్నడా?"

"పోతున్నాడు. మొన్ననే వచ్చాడు. ఒళ్ళు కూడా చేశాడు."

అవతల ఎవరో ఆడమనిషి నీళ్ళు తాగమంటోంది. తాగాడో లేదో, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు.

"నా పేరు చెప్పలే గదా?"

"చెప్పలేదన్నా," అన్నాను. ఆ రోజు అతనికి నేను చెప్పిన వాటిలో నిజం అదొక్కటే.